బండి బాగోగులు: ఎర్ర ఫిల్టర్ వేయిస్తే పికప్ పెరుగుతుందా?

ఈసారి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఎయిర్ ఫిల్టర్ గురించే. కంపెనీ ఇచ్చిన పేపర్ ఫిల్టర్ తీసేసి, నూనె పట్టించిన ఎర్రటి కాటన్ ఫిల్టర్ వేయించాలా, లేక బానెట్ ఎత్తగానే కనిపించే కోన్ ఫిల్టర్ పెట్టించాలా అని అడుగుతున్నారు. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి ఈ పేజీలు దీనికే ఇస్తున్నాం.

ప్ర: నాది 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 38 వేలు తిరిగింది. విశాఖలో ఒక యాక్సెసరీస్ షాపులో 5,500 రూపాయల పెర్ఫార్మెన్స్ ఫిల్టర్ చూపించి, అయిదారు హార్స్‌పవర్ పెరుగుతుంది, లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కువ వస్తాయి అన్నారు. మా మెకానిక్ కూడా “పేపరు ఫిల్టరు ఏటి గాలి లాగుతాది బాబూ, ఎర్రది ఏయించీ” అంటున్నాడు. వేయించమంటారా? — నరసన్నపేట పాఠకుడు

జ: వద్దండి. మీ బండికి అది దండగ.

ముందు మైలేజీ సంగతి చూద్దాం. లీటరు పెట్రోలు కాలడానికి దాదాపు 11 కిలోల గాలి కావాలి. అంటే సుమారు 9,000 లీటర్ల గాలి. అంత గాలి ఫిల్టర్ గుండానే వెళ్లాలి కాబట్టి ఫిల్టర్ ఎంత వదులుగా ఉంటే అంత మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ పెట్రోల్ ఇంజన్లో గాలికి అసలు అడ్డు ఫిల్టర్ కాదు, థ్రాటిల్ బాడీలో, యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే పలక. మీరు హైవే మీద శ్రీకాకుళం వైపు డెబ్భై స్పీడులో నింపాదిగా వెళ్తున్నప్పుడు ఆ పలక కొద్దిగానే తెరుచుకుని ఉంటుంది. దానికి ఇవతల గాలి పీడనం 100 కిలోపాస్కల్ ఉంటే అవతల, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌లో, 40–50కి పడిపోతుంది. అదే సమయంలో ఫిల్టర్ దగ్గర పడే నష్టం ఒక కిలోపాస్కల్‌లో కొద్ది వంతే ఉంటుంది. ఫిల్టర్‌ని ఇంకా వదులు చేస్తే, అదే స్పీడు కోసం మీ కాలు పెడల్ని వెంట్రుకవాసి తక్కువ నొక్కుతుంది. అంతే. ఎంత గాలి వచ్చిందో సెన్సర్ చూసి ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, అంతకు తగ్గ పెట్రోలే చిమ్ముతుంది. అందుచేత మైలేజీలో తేడా రాదు.

అమెరికాలో ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో కావాలనే ఫిల్టర్లను మూసుకుపోయేలా చేసి కార్లను పరీక్షించింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో మైలేజీ తగ్గలేదు. పికప్ మాత్రం 6 నుంచి 11 శాతం దెబ్బతింది. పాత కార్బురేటర్ బండ్లలో కథ వేరు. ఫిల్టర్ మూసుకుంటే గాలితో పోలిస్తే పెట్రోలు ఎక్కువైపోయి, మైలేజీ 2 నుంచి 6 శాతం వరకు పడిపోతుంది. “ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుంది” అనే మాట ఆ రోజులది. ఇప్పటి బండ్లకూ అదే చెప్పి అమ్ముతున్నారు.

ఇక పవర్. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి 6,000 ఆర్‌పీఎం దగ్గర నడిపితే మీ 1.2 లీటర్ల ఇంజన్ నిమిషానికి సుమారు 3,000 లీటర్ల గాలి తాగుతుంది. అప్పుడు కూడా శుభ్రమైన పేపర్ ఫిల్టర్ దగ్గర పీడన నష్టం ఒక కిలోపాస్కల్ అటూ ఇటూగా ఉంటుంది. కాటన్ ఫిల్టర్ దాన్ని సగానికి తగ్గించిందనుకుందాం. బయట వాతావరణ పీడనం 101 కిలోపాస్కల్. మీకు కలిసొచ్చింది అందులో అర శాతం. 80 హార్స్‌పవర్ ఇంజన్‌కి అర శాతం అంటే 0.4 హార్స్‌పవర్. అదీ ఆర్‌పీఎం మీటరులో ఎర్రగీత దగ్గర మాత్రమే. పక్క సీట్లో ఒక మనిషి ఎక్కినా దిగినా వచ్చే తేడా దీనికంటే ఎక్కువ.

“వేయించాక నిజంగానే తేడా తెలిసింది” అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. రెండు కారణాలున్నాయి. ఒకటి, శబ్దం. గాలి పీల్చే చప్పుడు పెరిగితే బండి చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. రెండోది, పోలిక. మూడేళ్లుగా మార్చని, మట్టి పట్టిన పేపర్ ఫిల్టర్ తీసి కొత్త కాటన్ ఫిల్టర్ వేస్తే పికప్ తప్పకుండా బాగుపడుతుంది. కానీ 350 రూపాయల కొత్త పేపర్ ఫిల్టర్ వేసినా అంతే బాగుపడేది. పరీక్షించాలనుకుంటే ముందు కొత్త పేపర్ ఫిల్టర్ వేసి, రద్దీ లేని ఒకే రోడ్డు ముక్క మీద మూడో గేరులో 40 నుంచి 80కి ఎన్ని సెకన్లు పడుతోందో నాలుగైదు సార్లు చూడండి. రెండు వైపులా వెళ్లి చూడాలి, ఏసీ ఆపి ఉంచాలి, సెకన్లు పక్కనున్నవాళ్లు లెక్కపెట్టాలి.

38 వేల దగ్గర బండి నిజంగానే లాగడం లేదంటే వెతకాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. మామూలు నికెల్ స్పార్క్ ప్లగ్గులైతే ఈపాటికి మార్పుకి వచ్చి ఉంటాయి. థ్రాటిల్ పలక చుట్టూ నల్లటి మసి పేరుకుని ఉంటుంది. వెనక చక్రాలు జాకీ మీద లేపి చేత్తో తిప్పితే బ్రేకు పట్టేస్తోందో లేదో తెలిసిపోతుంది. టైర్లలో గాలి తక్కువైనా బండి బరువుగానే ఉంటుంది. ఆ 5,500లో సగంతో ఇవన్నీ అయిపోతాయి.

ప్ర: టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీలకి రోజూ కారులో వెళ్లి రావాలి. ఫిల్టర్ రెండు నెలలకే బూడిద రంగుకి వచ్చేస్తోంది. కడిగి మళ్లీ వాడుకునే కాటన్ ఫిల్టర్ అయితే ‘జీవితకాలం’ వస్తుందట కదా, మాలాంటి వాళ్లకి అదే లాభం కాదా? — టెక్కలి పాఠకుడు

జ: కాటన్ ఫిల్టర్ వేయకూడని బండి ఏదైనా ఉందంటే అది మీదే. కాస్త వివరంగా చెప్తాం.

ఫిల్టర్లను పరీక్షించడానికి ఐఎస్ఓ 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. తూచిన ధూళిని గాలిలో కలిపి ఫిల్టర్ మీదికి పంపి, ఎంత ఆగిందో, ఎంత దాటిపోయిందో చూస్తారు. మంచి పేపర్ ఫిల్టర్ 99 శాతానికి పైనే ఆపుతుంది, 99.5 ఆపేవీ ఉన్నాయి. నూనె కాటన్ ఫిల్టర్లకు వాటి తయారీదార్లే 96 నుంచి 99 వరకు చెప్పుకుంటారు. 99.5కీ 97కీ పెద్ద తేడా లేనట్టు కనిపిస్తుంది. ఆగినదాన్ని కాకుండా దాటిపోయినదాన్ని లెక్కేయండి. 100 గ్రాముల ధూళి ఫిల్టర్ మీదికి వస్తే మొదటిది అర గ్రాము వదిలింది, రెండోది 3 గ్రాములు వదిలింది. ఇంజన్లోకి ఆరు రెట్లు ఎక్కువ పోయిందన్నమాట. హైవే మీద తిరిగే బండికి ఏడాదంతా కలిపినా ఫిల్టర్ మీద పడే ధూళి కొద్దే కాబట్టి ఆరు రెట్లయినా బయటపడకపోవచ్చు. మీకు క్వారీ దారిలో, ముందు బ్లాకుల ట్రయిలర్ పోతుంటే, ఆ వెనక రేగేదంతా మీ ఫిల్టర్ మీదికే.

పైగా అది మామూలు దుమ్ము కాదు. గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది. మోస్ కొలతలో దాని గట్టితనం 7. సిలిండర్ గోడలో ఉండే పోత ఇనుము దానిముందు మెత్తన. పిస్టన్ రింగుకీ గోడకీ మధ్య నూనె పొర కొన్ని మైక్రాన్లే ఉంటుంది. పెద్ద ఇసుక రేణువుల్ని ఏ ఫిల్టరైనా ఆపుతుంది. 5 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉండేవి, కంటికి కనిపించనివి, ఆ నూనె పొరలో ఇరుక్కుని రింగులనీ గోడనీ అరగదీస్తాయి. బయటపడేసరికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. ముందు ఆయిల్ తగ్గడం మొదలవుతుంది, తరవాత ఆయిల్ మూత తీస్తే పొగ తన్నుతుంది, ఆ పైన కంప్రెషన్ పడిపోయి ఇంజన్ బోరుకి వస్తుంది. టర్బో (ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపే సాధనం) ఉన్న బండి అయితే దాని కంప్రెసర్ రెక్కల అంచులు కూడా అరుగుతాయి.

డబ్బు లెక్క చూసినా గిట్టదు. మీ దారికి తగ్గట్టు ప్రతి 10 వేల కిలోమీటర్లకీ కొత్త పేపర్ ఫిల్టర్ వేసినా, లక్ష కిలోమీటర్లకి పది. ఒక్కోటి 350 చొప్పున 3,500 రూపాయలు. కాటన్ ఫిల్టర్ ధర 5,500 వరకు, కడిగే కిట్ ఇంకో 1,500 వరకు. మీ ధూళికి ఆ కిట్ కొన్ని సార్లకే అయిపోతుంది.

మాన్యువల్లో 30 వేలకో 40 వేలకో మార్చమని ఉండొచ్చు. ఆ మాట తారు రోడ్డు బండ్లకి. అదే పేజీలో ధూళి ప్రాంతాలకి వేరే గడువు ఉంటుంది, మీరు అది చూడాలి. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీస్ గనులకు వెళ్లేవాళ్లకీ, నాగావళి, వంశధార ఇసుక రేవుల దగ్గర తిరిగేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. 5 వేలకి ఒకసారి తెరిచి చూడండి, 10 వేలకి మార్చేయండి.

ఫిల్టర్ ఏ రకమన్నదాని కన్నా అది పెట్టెలో ఎలా కూర్చుందన్నది ముఖ్యం. చుట్టూ ఉన్న మెత్తటి అంచు ఒక్కచోట మడతపడినా, పెట్టె క్లిప్పు ఒకటి విరిగినా, ఆ సందులోంచి వచ్చే గాలికి అసలు ఫిల్టరే లేనట్టు. ఫిల్టర్ తీసినప్పుడు పెట్టెలో ఇంజన్ వైపు భాగాన్నీ, అక్కణ్నుంచి థ్రాటిల్‌కి వెళ్లే గొట్టం లోపలి గోడనీ తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకి సన్నటి పొడి అంటితే ధూళి దాటుతోందని అర్థం. అప్పుడు ఆ అంచు మీద పొడి గీత ఎక్కడ కనిపిస్తే లీకు అక్కడే. కొత్తది పెట్టేముందు పెట్టె అడుగున ఉన్న మట్టినీ ఆకుల్నీ తడిగుడ్డతో తీసేయాలి. ఆ తుడిచేటప్పుడు ఇంజన్ వైపు గొట్టాన్ని గుడ్డతో మూసి ఉంచడం మరిచిపోవద్దు. గొట్టం మీద బిగించే క్లాంపు, ఇంజన్ నుంచి వచ్చే బ్రీదర్ పైపు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఫిల్టర్ కొనేటప్పుడు పాతదాన్ని పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడాలి. నకిలీవాటిలో మడతలు తక్కువ ఉంటాయి, లోతు తక్కువ ఉంటుంది, అంచు గట్టిగా ప్లాస్టిక్‌లా ఉండి నొక్కితే దిగదు. బాష్, మాన్, ప్యూరొలేటర్, మాలే లాంటి పేరున్నవో, కారు కంపెనీ సొంత పార్టో బిల్లుతో తీసుకోండి.

ప్ర: డీజిల్ కారుకి రెండేళ్ల కిందట నూనె కాటన్ ఫిల్టర్ వేయించాను. గత నెల ఇంట్లోనే కడిగి, నూనె పట్టించి పెట్టాను. పది రోజులకి చెక్ ఇంజన్ లైటు వచ్చింది. బండి ఎక్కడా పొగ లేదు కానీ లాగడమే లేదు. షెడ్డులో టర్బో పోయిందంటున్నారు. నిజమేనా? — విజయనగరం పాఠకుడు

జ: టర్బో మీద చెయ్యి వేయనివ్వకండి. మీరు చెప్పిన మూడు గుర్తులూ గాలి కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ మీదికే వేలు చూపిస్తున్నాయి.

ఫిల్టర్ పెట్టె దాటగానే గొట్టంలో ఈ సెన్సర్ ఉంటుంది. వేడి చేసిన సన్నటి పొర మీదుగా గాలి పోతే అది ఎంత చల్లబడిందో చూసి ఎంత గాలి వచ్చిందో లెక్కేస్తుంది. ఫిల్టర్‌కి నూనె ఎక్కువ పట్టిస్తే ఆ తుంపరలు వచ్చి పొర మీద పడతాయి, వాటి మీద ధూళి అంటుకుంటుంది. అప్పుడు ఉన్న గాలి కన్నా తక్కువ చెప్తుంది. డీజిల్ ఈసీయూ గాలి తక్కువుందనుకుని, నల్ల పొగ రాకుండా డీజిల్‌ని కోసేస్తుంది. అందుకే పొగ లేదు, పికప్పూ లేదు. టర్బో గొట్టం ఊడిపోయి ఉంటే చాలాసార్లు నల్ల పొగ, ఈల లాంటి చప్పుడు ఉంటాయి.

మొదట స్కానర్ (ఈసీయూలో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టించి కోడ్ చదివించండి. పీ0101, పీ0102 లాంటివి వస్తే అనుమానం ఖాయమైనట్టే. స్కానర్ దొరక్కపోతే ఇంజన్ ఆపి, సెన్సర్ కనెక్టర్ పీకి, కొద్ది దూరం నడపండి. ఈసీయూ తన దగ్గరున్న లెక్కతో నడిపిస్తుంది. కనెక్టర్ పీకినప్పుడే బండి బాగా లాగితే తప్పు సెన్సర్‌దే. లైటు వెలుగుతుంది, కంగారు పడక్కర్లేదు.

శుభ్రం చేయడానికి ఎంఏఎఫ్ క్లీనర్ అనే స్ప్రే విడిగా దొరుకుతుంది. కార్బురేటర్ క్లీనర్, పెట్రోలు, దూది, బ్రష్ ఏవీ పనికిరావు. ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ తీసి, సెన్సర్‌ని పట్టి ఉంచే రెండు స్క్రూలు విప్పాలి. ఎక్కువ బండ్లలో టీ20 టార్క్స్ బిట్ సరిపోతుంది. సెన్సర్‌ని చేత్తో తాకకుండా పది పదిహేను చిన్న చిన్న స్ప్రేలు కొట్టి, తనంతట తాను ఆరేదాకా కనీసం 20 నిమిషాలు వదిలేయండి. నోటితో ఊదవద్దు. తిరిగి బిగించి, కోడ్ చెరిపించి, ఒక 30 కిలోమీటర్లు నడిపి చూడండి. అప్పటికీ రీడింగ్ సరిగ్గా రాకపోతే సెన్సర్ మార్చాల్సిందే. ఏదేమైనా పేపర్ ఫిల్టర్‌కి తిరిగి వెళ్లండి, లేకపోతే మళ్లీ కడిగినప్పుడు మళ్లీ ఇదే.

పెట్రోల్ బండ్లవాళ్లకి ఒక మాట. చాలా చిన్న పెట్రోల్ కార్లలో ఎంఏఎఫ్ ఉండదు, మానిఫోల్డ్ పీడనం కొలిచే ఎంఏపీ సెన్సర్ ఉంటుంది. వాటికి ఈ నూనె బెడద తక్కువ. ఎంఏఎఫ్ ఉన్న పెట్రోల్ బండిలో అయితే స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలుని ఎంత సర్దుతోందో చెప్పే అంకె, చూడండి. అది 10 శాతం దాటి ప్లస్‌లో ఉంటే ఒక కారణం మురికి సెన్సర్ కావచ్చు.

ప్ర: నెలకి రెండు సార్లు సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్తాను. టర్బో డీజిల్ ఎస్‌యూవీ, పవర్ కోసం ఈసీయూ సెట్టింగులు మార్పించి రీమ్యాప్ చేయించాను. ఘాట్‌లో ఊపు కోసం ఓపెన్ కోన్ ఫిల్టర్ పెట్టించమని మిత్రుల సలహా. — గజపతినగరం పాఠకుడు

జ: ఘాట్‌లోనే అది ఎక్కువ దెబ్బతీస్తుంది. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ పెట్టె, బండి ముందు గ్రిల్ దగ్గర నుంచి బయటి గాలి పీలుస్తుంది. కోన్ ఫిల్టర్ బానెట్ కింద ఇంజన్ వేడిని పీలుస్తుంది. హైవేలో గాలి కొడుతుంటుంది కాబట్టి కొంత నయం. సుంకి మలుపుల్లో రెండో గేరులో లోడ్ మీద నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు బానెట్ కింద గాలి కదలదు. బయట 38 డిగ్రీలుంటే లోపల 65 సులువుగా దాటుతుంది. ఆ 27 డిగ్రీల తేడాకి గాలి సాంద్రత దాదాపు 8 శాతం పడిపోతుంది. ఫిల్టర్ వదులుగా ఉండి తెచ్చేది ఒకటో రెండో శాతం. టర్బో ఆ లోటు పూడ్చడానికి ఇంకా వేగంగా తిరగాలి, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీద వేడి పెరుగుతుంది. నమ్మకం లేకపోతే స్కానర్‌లో ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ చూస్తూ ఘాట్ ఎక్కండి. ఆ రీడింగ్ ఫిల్టర్ దగ్గరిదా, ఇంటర్‌కూలర్ దాటాకదా అన్నది బండిని బట్టి ఉంటుంది, అది ముందు తెలుసుకోండి.

మీరు రీమ్యాప్ చేయించారు కాబట్టి గాలి అవసరం పెరిగిన మాట నిజమే. అలాంటి బండికి ఫిల్టర్ చాలడం లేదా అన్నది ఊహించనక్కర్లేదు, కొలవొచ్చు. ఫిల్టర్ పెట్టెకి ఇంజన్ వైపు ఉన్న గొట్టానికి సన్నటి పారదర్శక పైపు కలిపి, రెండో కొస బయటికి వదిలి, మధ్యలో యూ ఆకారంలో వంచి నీళ్లు పోస్తే అదే కొలిచే సాధనం. నీళ్లు ఇంజన్లోకి లాగకుండా పైపు మీటరుకి పైగా ఎత్తుండేలా కట్టి, పక్కనున్నవాళ్లు చూడాలి. 10 సెంటీమీటర్ల నీటి తేడా అంటే సుమారు ఒక కిలోపాస్కల్. కొత్త పేపర్ ఫిల్టర్‌తో, పూర్తి లోడ్ మీద, తేడా 25 సెంటీమీటర్ల లోపు ఉంటే దాన్ని కదపాల్సిన పనిలేదు. అంతకు మించితే కంపెనీ పెట్టెలోనే కూర్చునే, నూనె లేని సింథటిక్ ప్యానెల్ ఫిల్టర్ వేయించుకోండి. పెర్ఫార్మెన్స్ ఫిల్టర్‌కి మేము ఒప్పుకునే సందర్భం ఇదొక్కటే, అదీ పెట్టెని, దానికి బయటి గాలి తెచ్చే స్నార్కెల్ గొట్టాన్ని అలాగే ఉంచి. వారంటీ ఇంకా ఉంటే ఒకసారి ఆలోచించండి. టర్బో పోయి క్లెయిమ్‌కి వెళ్లినప్పుడు లోపల ధూళి జాడ కనిపిస్తే తప్పు మీ వల్లేనని కంపెనీ అంటుంది.

ప్ర: సర్వీసుకి వెళ్లినప్పుడల్లా ఫిల్టర్‌కి గాలి కొట్టి ఇస్తున్నారు. ‘కొత్తదానిలా అయింది’ అంటున్నారు. మంచిదేనా? — ఆమదాలవలస పాఠకుడు

జ: మంచిది కాదు. పంక్చర్ షాపు, సర్వీస్ షెడ్డు కంప్రెసర్లో 100 పీఎస్ఐకి పైగా ఉంటుంది. దగ్గరగా పెట్టి కొడితే పేపర్ మడతల్లో సూది బెజ్జాలు పడతాయి, అంచు జిగురు ఊడుతుంది. కంటికి తెల్లగా కనిపిస్తుంది, వడకట్టడం మాత్రం పోతుంది. పేపర్ ఫిల్టర్ కొద్దిగా ధూళి పట్టాకే ఇంకా బాగా వడకడుతుంది. కాబట్టి నెలనెలా శుభ్రం చేయించడం మేలు కాదు.

నూర్పుళ్ల రోజుల్లో రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉన్నప్పుడు ఊక, పొట్టు వచ్చి మడతల్లో నిండిపోతాయి. అప్పుడు మురికి వైపు కిందికి పెట్టి అరచేతి మీద నెమ్మదిగా తట్టండి, చాలు. గాలి కొట్టక తప్పకపోతే 30 పీఎస్ఐకి తగ్గించి, శుభ్రమైన వైపు నుంచి బయటికి, జానెడు దూరం నుంచి. ఆ తరవాత చీకటి గదిలో ఫిల్టర్ వెనక టార్చి వేసి చూడండి. వెలుగు అంతటా ఒకేలా మసగ్గా రావాలి. ఎక్కడైనా చుక్కలా మెరిస్తే అక్కడ బెజ్జం ఉన్నట్టే, ఫిల్టర్ పారేయండి. పెట్టె తెరిచినప్పుడు వడ్ల గింజలు, కొరికిన నురగ ముక్కలు కనిపిస్తే ఎలుక గూడు పెట్టిందన్నమాట. గొట్టంలో కూడా వెతకాలి.

ప్ర: ఏసీ గాలి తగ్గింది. పెర్ఫార్మెన్స్ ఫిల్టర్ వేస్తే పెరుగుతుందా? — బొబ్బిలి పాఠకురాలు

జ: ఆ రెండూ వేరువేరు ఫిల్టర్లమ్మా. ఏసీది క్యాబిన్ ఫిల్టర్, ఎక్కువ కార్లలో డ్యాష్‌బోర్డు గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. గ్లవ్ బాక్స్ రెండు పక్కలా లోపలికి నొక్కి దించితే కనిపిస్తుంది. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, గాలి వెళ్లే దిక్కుకి పెట్టాలి. ఏడాదికోసారి మార్చండి.

ప్ర: సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. అందులో ఎర్ర ఫిల్టర్ ముందే ఉంది. కొత్తగానే ఉంది, తీసేయాలనిపించడం లేదు. ఎలా కడగాలి? — పాలకొండ పాఠకుడు

జ: మీరు ఎక్కువగా తారు రోడ్డు మీదే తిరిగితే ఉంచుకోవచ్చు. ముందుగా పైన చెప్పిన తెల్ల గుడ్డ పరీక్ష చేయండి. లోపల పొడి ఉంటే మాత్రం మొహమాటపడకుండా తీసేయండి.

కడగడానికి ఆ ఫిల్టర్ కంపెనీ కిట్టే వాడాలి. డీజిల్, కిరోసిన్, పెట్రోల్, బట్టల సబ్బు వాడితే కాటన్, అంచు రబ్బరు రెండూ చెడతాయి. మెత్తటి బ్రష్‌తో పైపొడి దులిపి, రెండు వైపులా క్లీనర్ కొట్టి, 10 నిమిషాలు నాననివ్వండి. ఆరిపోనివ్వకూడదు. తరవాత కుళాయి నీళ్లు నెమ్మదిగా, శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకి పోయేలా కడగాలి. ప్రెషర్ గన్ వద్దు. నీడలో ఆరనివ్వండి. ఎండలో, హెయిర్ డ్రయర్‌తో, కంప్రెసర్ గాలితో ఆరబెట్టకూడదు. మన సముద్ర గాలి తేమకి వానాకాలంలో ఒక పగలూ రాత్రీ పడుతుంది. తడి మీద నూనె వేస్తే పట్టదు. అందాకా బండిలో పేపర్ ఫిల్టర్ పెట్టి నడపండి, ఫిల్టర్ లేకుండా ఇంజన్ స్టార్ట్ చేయవద్దు.

నూనె వేయడంలోనే అందరూ తప్పుతారు. సీసా అయితే ఒక్కో మడత వెంట ఒక్కటే గీత, స్ప్రే అయితే మూడంగుళాల దూరం నుంచి ఒక్కసారి. 20 నిమిషాలు ఆగితే నూనె తనే పాకుతుంది. తెల్లగా మిగిలినచోట మాత్రం కాస్త అద్దండి. శుభ్రమైన వైపు నూనె చెమ్మ తేలితే ఎక్కువైనట్టు, కాగితం రుమాలుతో ఒత్తి తీయాలి. ఇంజన్ ఆయిల్, కొబ్బరి నూనె పనికిరావు. అవి మడతల్లో నిలవక కారి సెన్సర్ మీదికి పోతాయి.

ప్ర: తుఫాను వానలకి మా దారిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కిట్ పెట్టించాలనుకుంటున్నాను. ఇబ్బంది ఉంటుందా? — హిరమండలం పాఠకుడు

జ: వంశధార పక్కన ఉండి ఆ కిట్ పెట్టించవద్దు. వాటిలో చాలావాటికి ఫిల్టర్ బంపర్ వెనక, చక్రం పక్కన, కిందికి ఉంటుంది. కంపెనీ స్నార్కెల్ కావాలనే పైన, రేడియేటర్ ఎత్తులో పెడతారు. నీరు ఒక్క గుక్క సిలిండర్లోకి వెళ్లినా చాలు. నీరు గాలిలా నలగదు కాబట్టి పైకి వచ్చే పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్‌కి కంప్రెషన్ ఎక్కువ కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా ఉంటుంది.

కంపెనీ పెట్టె ఉన్న బండే అయినా నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయవద్దు. బయటికి తోయించి, ఫిల్టర్ పెట్టె తెరవండి. ఫిల్టర్ పొడిగా ఉంటే చాలావరకు గండం గడిచినట్టే. తడిగా ఉంటే దాన్ని ఆరబెట్టి వాడవద్దు, తడిసిన పేపర్ మడతలు కుంగిపోయి చిరుగుతాయి. పెట్రోల్ బండికి ప్లగ్గులు, డీజిల్‌కి గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో తీయించి, ఇంజన్ చేత్తో రెండు చుట్లు తిప్పించి, నీరు రాకపోతేనే సెల్ఫ్ కొట్టించండి. ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపినట్టు తెల్లగా కనిపిస్తే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాకే స్టార్ట్ చేయాలి. ఇన్సూరెన్స్ పాలసీలో ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉందో లేదో వానాకాలం రాకముందే చూసుకోండి. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయబోయి పాడైతే, మామూలు పాలసీలో ఆ క్లెయిమ్ రావడం కష్టం.